ఇన్సర్ట్ చేసిన రికార్డులు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: పైథాన్ స్క్రిప్ట్‌తో ఒక సీఎస్‌వీ ఫైల్లోని 500 వరుసల్ని కొత్త మైఎస్‌క్యూఎల్ టేబుల్లోకి ఎక్కిస్తున్నాను. ఎర్రర్ ఏమీ లేదు, స్క్రిప్ట్ చివర్లో కౌంట్ అడిగితే 500 అనే చెబుతోంది. తీరా వేరే విండోలో తెరిస్తే టేబుల్ ఖాళీ! అదే ఇన్సర్ట్‌ని ఆ విండోలో టైప్ చేస్తే మాత్రం సేవ్ అయింది, కాకపోతే ఐడీ 501 వచ్చింది. ఏంటీ గోల?

జవాబు: ఆ 501 చూశారు కదా, గుట్టంతా అందులోనే ఉంది. మీ 500 వరుసలూ టేబుల్ దాకా వెళ్లాయి, 1 నుంచి 500 దాకా నంబర్లు కూడా తీసుకున్నాయి, కానీ మీరు కమిట్ (మార్పుల్ని ఖాయం చేయమనే ఆదేశం) చెప్పకుండానే స్క్రిప్ట్ అయిపోయి కనెక్షన్ తెగింది కాబట్టి సర్వర్ అన్నింటినీ రోల్‌బ్యాక్ చేసేసింది, అంటే రద్దు చేసి వెనక్కి తీసేసుకుంది. వరుసలు పోయినా వాడేసిన ఆటో ఇంక్రిమెంట్ నంబర్లు మాత్రం వెనక్కి రావు. స్క్రిప్ట్ లోపల 500 కనిపించడంలో వింతేమీ లేదు, ఎవరి ట్రాన్సాక్షన్‌లో (కమిట్ అయ్యేదాకా ఒకే కట్టగా సాగే పనిలో) చేసిన మార్పులు వాళ్లకు కమిట్‌కి ముందే కనిపిస్తాయి.

మరి టైప్ చేస్తే ఎందుకు సేవ్ అయిందంటారా? మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్లో, చాలా టూల్స్‌లో ఆటోకమిట్ (ప్రతి ఆదేశమూ దానంతటదే కమిట్ అవడం) ఆన్‌లో ఉంటుంది. పైథాన్ డ్రైవర్లు (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీలు) మాత్రం మామూలుగా దాన్ని ఆఫ్‌లో పెట్టే మొదలుపెడతాయి. కొత్తవాళ్లు చాలామంది తికమకపడేది ఇక్కడే.

లూప్ పూర్తయ్యాక కమిట్ అని ఒక్క లైను చేర్చండి, అదీ కర్సర్ (ఆదేశాలు నడిపే ఆబ్జెక్ట్) మీద కాదు, కనెక్షన్ మీద. లూప్ లోపల మాత్రం పెట్టకండి. ప్రతి వరుసకీ డిస్కు మీద రాసి ఖాయం చేసుకోవాల్సి వస్తుంది కాబట్టి బాగా నెమ్మదిస్తుంది, పైగా 300వ వరుస దగ్గర తేడా కొడితే సగం డేటా లోపల, సగం బయట ఉండిపోతుంది, మళ్లీ నడిపితే డూప్లికేట్లు. మొత్తాన్ని ట్రైలో పెట్టి, ఎక్సెప్ట్ భాగంలో రోల్‌బ్యాక్ చేసి, ఆ ఎర్రర్‌ని మళ్లీ పైకి వదలండి. అక్కడ పాస్ అని రాసి ఊరుకుంటే ఏం జరిగిందో మీకే తెలియదు. వరుసలు లక్షల్లో ఉంటే కొన్ని వేలకోసారి కమిట్ చేయొచ్చు.

ఆటోకమిట్ ఆన్ చేసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పని నడుస్తుంది కానీ, తప్పు జరిగితే మొత్తం వెనక్కి తీసుకునే వీలు పోతుంది. నేనైతే ఆ పని చేయను.

విత్ బ్లాక్‌ని నమ్ముకునేవాళ్లు కూడా జాగ్రత్త. ఎస్‌క్యూలైట్ (ఇది వేరే డేటాబేస్) పైథాన్ మాడ్యూల్లో కనెక్షన్‌ని విత్‌తో వాడితే పని సవ్యంగా ముగిశాక తనే కమిట్ చేస్తుంది గానీ కనెక్షన్ మూయదు. మీరు వాడే మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ కూడా అలాగే చేస్తుందని అనుకోకండి, డాక్యుమెంటేషన్ ఓసారి చూసుకోండి.

కమిట్ పెట్టాక కూడా కనిపించకపోతే? మీరు చూస్తున్న విండోలోనే పాత ట్రాన్సాక్షన్ తెరిచి ఉందేమో, అలా ఉంటే అది మొదట చూసిన పాత బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. అక్కడ కూడా ఒక కమిట్ కొట్టి మళ్లీ సెలెక్ట్ వేయండి. అప్పటికీ లేకపోతే స్క్రిప్ట్ వేరే డేటాబేస్‌కి కనెక్ట్ అవుతోందేమో, హోస్ట్ పేరు, డేటాబేస్ పేరు ప్రింట్ చేసి చూసుకోండి.