గడువు తీరిన ఫ్లేర్లు ఇంట్లో ఉంటే కేసవుతుందా?

ప్రశ్న: కాకినాడలో నాకు ఒక మరబోటు ఉంది. వేట నిషేధ కాలం కదా అని బోటులోని సామాను దించితే, గడువు తీరి రెండేళ్లయిన చేతి ఫ్లేర్లు ఆరు, పారాచూట్ రాకెట్లు రెండు, పొగ డబ్బా ఒకటి బయటపడ్డాయి. సముద్రంలో ఆపద వస్తే మంటతో, పొగతో సాయం కోరడానికి ఉంచుకునేవి ఇవి. ఇప్పుడవి మా ఇంటి అటక మీద ఉన్నాయి. సముద్రంలో పారేయమని బోటు నడిపే సరంగు, దీపావళికి కాల్చేద్దామని మా బావమరిది అంటున్నారు. పోలీసులకు చెబితే నా మీదే కేసు పెడతారేమోనని భయం. ఏం చేయాలి?

జవాబు: ముందు వాటిని అటక మీద నుంచి దించండి. మే నెల ఎండకు రేకుల కింద అటక ఎంత కాగుతుందో మీకు తెలుసు. డీజిలు, గ్యాస్ సిలిండరు, పొయ్యి, పిల్లల చేతులు, ఇవేవీ దగ్గరలేని నీడపట్టున, పొడిగా ఉన్న చోట, వచ్చిన పెట్టెలోనే ఉంచి తాళం వేయండి. ఏ గొట్టమైనా తుప్పు పట్టినా, ఉబ్బినా, పొడి రాలుతున్నా దాన్ని కదపవద్దు. 112కు ఫోను చేయండి.

గడువు తీరితే ఫ్లేరులోని మంట మందు చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. తీరిపోయేది అది సరిగ్గా పనిచేస్తుందని తయారీదారు ఇచ్చిన హామీ. మందు గొట్టంలో అలాగే ఉంటుంది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం నిర్వచనంలోకి బాణసంచా, రాకెట్లు, రంగు మంటలు కూడా వస్తాయి. గడువు దాటినంత మాత్రాన ఫ్లేరు ఆ నిర్వచనంలోంచి తప్పుకోదు. నిబంధనలకు విరుద్ధంగా పేలుడు పదార్థాన్ని దగ్గర ఉంచుకున్నా, వాడినా, రవాణా చేసినా సెక్షన్ 9బి కింద 2 ఏళ్ల వరకు జైలు, లేదా 3,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇది చదివి గాభరా పడకండి. మీరు వాటిని కళాసీల ప్రాణాల కోసం కొన్నారు. కొన్న బిల్లు, బోటు రిజిస్ట్రేషను ఆ మాటకు సాక్ష్యం. పాతవని తెలిశాక మీరేం చేశారన్నదే రేపు ఎవరైనా అడిగేది. అందుకే మీ భయానికి నా సమాధానం ఒక ఉత్తరం.

ఆ ఉత్తరంలో బోటు రిజిస్ట్రేషను నంబరు, ఒక్కో ఫ్లేరు రకం, బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు నెల, ఎక్కడ కొన్నారో, ఇప్పుడు ఎక్కడ భద్రపరిచారో వరుసగా రాయండి. చివర ఒకే ఒక్క కోరిక: వీటిని చట్టప్రకారం ధ్వంసం చేయించడానికి ఎవరికి, ఎలా అప్పగించాలో రాతపూర్వకంగా తెలపండి. మొదటి ప్రతి మీకు అమ్మిన డీలరుకు వెళ్లాలి. ఈ సరుకు తయారీదారుతో, పేలుడు పదార్థాల శాఖతో అతనికి ముందునుంచే వ్యవహారం ఉంటుంది కనుక దారి అక్కడే తొందరగా దొరుకుతుంది. మిగతా ప్రతులు మీ ప్రాంతాన్ని చూసే పెసో కార్యాలయానికి, మత్స్యశాఖకు, స్థానిక పోలీసు స్టేషనుకు పంపండి. పెసో అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. దాని ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. చేతికిచ్చిన ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి, మిగతావి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఉత్తరం తీసుకెళ్లండి, సరుకు మాత్రం వద్దు. ఒక కక్షిదారు పాత ఫ్లేరును కూరగాయల సంచిలో పెట్టుకుని, బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చి నా బల్ల మీద పెట్టారు. అడుగు మూత పగిలి, లాగే తాడు బయటికి వేలాడుతోంది. ఆ సంచి పక్కనే కూర్చుని ప్రయాణం చేసినవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. రైల్లో తీసుకెళితే అది విడిగా ఇంకో నేరం: 1989 రైల్వే చట్టం సెక్షన్ 164 కింద 3 ఏళ్ల వరకు జైలు పడే అవకాశం ఉంది.

సరంగు సలహా గురించి. ఓడల వల్ల సముద్రం పాడవకుండా దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందం అయిదో అనుబంధం ప్రకారం ఇలాంటి చెత్తను సముద్రంలో వేయకూడదు, చేపల బోట్లకూ అది వర్తిస్తుంది. పైగా నీటిలో పడితే ఆరిపోతుందన్న నమ్మకం తప్పు. 10 సెకన్లు నీళ్లలో ముంచి తీసినా మండుతూనే ఉండాలన్నది చేతి ఫ్లేరు తయారీ ప్రమాణాల్లో ఒకటి. మీరు విసిరింది రేపు ఇంకొకరి వలలో తేలవచ్చు, ఒడ్డుకు కొట్టుకొచ్చి ఏ పిల్లవాడి చేతిలోనైనా పడవచ్చు.

మీ బావమరిది మాట అంతకన్నా ప్రమాదం. పారాచూట్ రాకెట్ 300 మీటర్ల ఎత్తుకు లేచి, 40 సెకన్లు మండుతూ మెల్లగా దిగేలా తయారవుతుంది. పాతబడి పారాచూట్ విచ్చుకోకపోతే ఆ మంట నేరుగా ఎవరి పాకమీదో పడుతుంది. మనుషుల ప్రాణానికి ముప్పు కలిగేలా పేలుడు పదార్థాన్ని నిర్లక్ష్యంగా వాడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 288 కింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇక ఎర్ర మంట సముద్రం మీద ఆపదకు గుర్తు. ఆపద లేకుండా దాన్ని చూపడాన్ని 1972 నాటి అంతర్జాతీయ నౌకా నిబంధనలు నిషేధించాయి. ఎవరో చూసి కోస్ట్ గార్డు నంబరు 1554కు ఫోను చేస్తే, లేని బోటు కోసం నిజమైన మనుషులు చీకట్లో వెతుకుతారు.

రేవులో తగలబెట్టే ఆలోచన కూడా వద్దు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. దానికి ఫ్లేర్లతో సంబంధం లేదు. పక్కపక్కనే కట్టిన బోట్లలో డీజిలు, గ్యాసు ఉంటే ఒక్క నిప్పు ఎంత దూరం పోతుందో అందరం చూశాం.

ఫ్లేర్లు వాడమని చెప్పే ప్రభుత్వం, పాతవి తీసుకునే గది ఒకటి ప్రతి రేవులోనూ పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. మీ బోటు యజమానుల సంఘం తరఫున మత్స్యశాఖకు ఒక అర్జీ పెట్టండి, ముసాయిదా నేను ఉచితంగా రాసిస్తాను.

ఇంకొక్క మాట. పాతవి అదనంగా ఉంటాయని మళ్లీ బోటెక్కించకండి. చీకట్లో, అలల మధ్య చేతికి ఏది దొరికితే అదే లాగుతారు. నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. 15న బోటు కదిలేలోపు కొత్తవి కొని, గడువు నెలను పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఆ పెట్టె ఎక్కడుందో సరంగుతో పాటు కళాసీలందరికీ చూపించండి.