పెళ్ళై అయిదు నెలలు, మొదటి పెళ్ళి దాచారు: ఏడాది ఆగాలా?

మీ చెల్లెలి పెళ్ళై అయిదు నెలలైంది, అబ్బాయికి అంతకుముందే పెళ్ళై విడాకులయ్యాయని పోయిన నెలలో బయటపడింది, ఏడాది నిండేదాకా కోర్టుకు వెళ్ళకూడదని ఎవరో చెప్పారు, నిజమేనా అని అడిగారు. కాదండీ. ఆ ఏడాది నియమం విడాకులకు. మీ చెల్లెలు అడగాల్సింది పెళ్ళి రద్దు. దానికి ఏడాది ఆగనక్కర్లేదు, పైగా ఆగితే నష్టం. నేను అలా ఆగి నష్టపోయాను.

గ్యాస్ కనెక్షన్ కోసం మా ఆయన ఆధార్ వెతుకుతుంటే బీరువా అడుగు అరలో, పాత పట్టుచీర కింద, ఒక ఫైలు దొరికింది. లోపల కోర్టు ముద్ర వేసిన కాగితాలు. పిటిషనర్ అన్నచోట ఎవరో అమ్మాయి పేరు, దాని కింద మా ఆయన పేరు, మా మామగారి పేరు. చదివిందే మళ్ళీ చదివాను. మా అత్తగారిని అడిగితే, "చెబితే పిల్లనిస్తారా?" అన్నారు. నాన్న పెద్దమనుషుల్లో పెట్టారు. అయిపోయిందేదో అయిపోయింది, సర్దుకోమన్నారు. వెళ్ళాను. ఇంకో పదమూడు నెలలు కాపురం చేశాను.

ఆ తర్వాత లాయరుగారి దగ్గరికి వెళితే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ రోజు తెలిసింది? తెలిశాక ఎన్నాళ్ళు ఉన్నావమ్మా?" చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు.

ఎందుకంటే హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 12 ప్రకారం అవతలివాళ్ళ గురించిన ముఖ్యమైన విషయం దాచి, మోసంతో ఒప్పించిన పెళ్ళిని కోర్టు రద్దు చేయవచ్చు. ముందు పెళ్ళి దాచడాన్ని కోర్టులు చాలా కేసుల్లో అలాంటి మోసంగానే చూశాయి. కానీ రెండు షరతులున్నాయి. మోసం తెలిసిన ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. తెలిశాక మనస్ఫూర్తిగా కాపురం చేసి ఉండకూడదు. నేను రెండూ పోగొట్టుకున్నాను. చివరికి పరస్పర అంగీకార విడాకులకు, అంటే సెక్షన్ 13బి కింద వెళ్ళాల్సి వచ్చింది. దానికి ముందు ఏడాది విడిగా ఉండాలి. మొదటి పిటిషన్ వేశాక మళ్ళీ ఆరు నెలల గడువు. తగిన కారణాలుంటే ఆ ఆరు నెలలు కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ నా విషయంలో తగ్గలేదు.

మీరు ముందుగా చూడాల్సింది ఇంకోటుంది. అతని మొదటి విడాకులు కోర్టు ఇచ్చినవేనా? మన ఊళ్ళలో స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టుకుని విడిపోయామనుకునేవాళ్ళు ఎందరో. కులాచారం ఉందని రుజువైతే తప్ప ఆ కాగితం చెల్లదు. అలాంటప్పుడు మొదటి భార్య బతికి ఉంటే మీ చెల్లెలి పెళ్ళి సెక్షన్ 11 కింద మొదటినుంచీ చెల్లనిదే, ఏడాది గడువు బాధే లేదు. అలా చెల్లని పెళ్ళి అని తేలినా భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. పిల్లలు పుట్టి ఉంటే వాళ్ళ హక్కులను సెక్షన్ 16 కాపాడుతుంది. పెళ్ళి చెల్లదంటే భరణం, పిల్లల హక్కులు పోతాయన్న భయంతో ఆగిపోయే తల్లిదండ్రులను చూశాను, అందుకే చెబుతున్నాను.

ఈ-కోర్ట్స్ సైటులో అతని పేరుతో పాత కేసు వెతకండి. దొరికితే ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించండి. పెళ్ళిళ్ళ పేరయ్య ఇచ్చిన బయోడేటా, మ్యాట్రిమోనీ ప్రొఫైల్లో "అవివాహితుడు" అని ఉన్న పేజీ స్క్రీన్‌షాట్, పెళ్ళిచూపుల నాటి వాట్సాప్ మెసేజీలు, ఏదీ డిలీట్ చేయకండి. కేసు అత్తగారి ఊళ్ళోనే వేయాలని లేదు, మీ చెల్లెలు ఇప్పుడు ఉంటున్న చోటి కోర్టులోనే వేయవచ్చు. ఇదంతా హిందూ చట్టం సంగతి. క్రైస్తవులకు, ముస్లింలకు, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకున్నవాళ్ళకు వేరే నిబంధనలుంటాయి.

తను ఇప్పుడు పుట్టింట్లోనే ఉందన్నారు. అటువైపు నుంచి పెద్దమనుషులు వస్తారు, నాలుగు రోజులు పంపించి చూడమంటారు. లాయరును కలిసేదాకా పంపకండి. ఏ తేదీన తెలిసింది, ఎలా తెలిసింది, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఇవన్నీ తన చేత్తోనే ఈ రాత్రికే ఒక నోట్‌బుక్‌లో రాయించండి.