ఆఖరి అతుకు ఉబ్బకుండా: బొంత అంచు పట్టీ మీద పాఠకుల ప్రశ్నలు

బొంతల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అంచు పట్టీ దగ్గరే ఆగాయి. అందులోనూ పట్టీ మొదలు, ఆఖరు కలిసే చోటే అందరికీ చిక్కు. అందుకే ఈసారి శీర్షికంతా దానికే.

పాత నూలు చీరలతో బొంత కుట్టి చుట్టూ ఎర్ర పాప్లిన్ పట్టీ వేసిన. మూలలు మంచిగనే వచ్చినయి. పట్టీ రెండు కొసలు కలిసే చోట మాత్రం గడ్డ లెక్క ఉబ్బింది. ఒక కొసను లోపలికి మడిచి, రెండోదాన్ని దాంట్లకు దోపి కుట్టిన. విప్పి మళ్ళ కుట్టినా గంతే. ఏం చెయ్యాలె? (ఒక పాఠకురాలు, పరకాల)

ఉబ్బుకు కారణం ఆ దోపుడే. సగానికి మడిచిన పట్టీ మామూలుగా రెండు పేటలు ఉంటుంది. మొదటి కొసను లోపలికి మడిచినప్పుడు నాలుగయ్యాయి, రెండో కొస దోపితే ఆరయ్యాయి. అది బొంత అంచు మీదుగా వెనక్కి తిరిగేసరికి ముందు ఆరు, వెనక ఆరు. అంత మందం అర అంగుళం మేర ఒక్కచోటే పడితే ఎంత ఇస్త్రీ చేసినా అణగదు. పైగా ఎత్తు ఎక్కలేక మిషన్ పాదం అక్కడే తచ్చాడుతుంది, టాకాలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

రెండు కొసలనూ ఏటవాలుగా కుట్టి ఒకే పట్టీ చేసేయడం దీనికి విరుగుడు. మొదట్లో పట్టీ ముక్కల్ని ఒకదానికొకటి ఓరగా అతికారు కదా, ఆఖరి అతుకు కూడా అచ్చం అలాగే రావాలి. ఓర కుట్టులో మందం ఒకే గీత మీద పడకుండా పట్టీ పొడవునా పరుచుకుంటుంది. ఏ అతుకు మొదటిదో, ఏది ఆఖరుదో చూసేవాళ్లకు తెలియదు.

రెండున్నర అంగుళాల వెడల్పున కోసి, సగానికి మడిచి ఇస్త్రీ చేసిన పట్టీ అనుకుని చెబుతాం. కుట్టు మూల దగ్గర మొదలు పెట్టకండి, ఒక పక్క నడిమధ్యన మొదలు పెట్టండి. మొదటి 10 అంగుళాల పట్టీని కుట్టకుండా తోకలా వదిలేయండి. కుట్టే ముందు పట్టీని ఒకసారి బొంత చుట్టూ పరిచి చూసుకుంటే మంచిది. ముక్కల అతుకు ఏదైనా సరిగ్గా మూల మీదికి వస్తుంటే, మొదలుపెట్టే చోటును ఓ జానెడు జరపండి. చుట్టూ కుట్టుకుంటూ వచ్చి, మొదటి టాకాకు 12 అంగుళాల ముందే ఆపి, ముడి వేసి, బొంతను మిషన్ మీద నుంచి తీయండి. ఇక్కడి నుంచి పని నేల మీద. బొంత బరువు ఒడిలోకి జారుతూ ఉంటే కొలత తప్పుతుంది.

కుట్టని జాగాలో మొదటి తోకను అంచు వెంట చదునుగా, లాగకుండా పరచండి. జాగాకు సుమారు మధ్యన దాన్ని అడ్డంగా, సీదాగా కత్తిరించండి. ఇప్పుడు రెండో తోకను దాని మీదుగా పరిచి, మొదటి తోక కొస నుంచి సరిగ్గా రెండున్నర అంగుళాలు దాటాక గుర్తు పెట్టి, అక్కడ సీదాగా కత్తిరించండి. అంటే రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి రెండున్నర అంగుళాలు ఎక్కి ఉంటాయి.

ఎందుకు రెండున్నర? పట్టీ వెడల్పు రెండున్నర కాబట్టి. ఓర కుట్టు ఒక చతురస్రానికి కొస నుంచి కొసకు పడుతుంది, ఆ చతురస్రం పక్క పట్టీ విప్పిన వెడల్పుతో సమానం. కుట్టు తినేసే పొడవు అంతే. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మడిచిన పట్టీ కళ్లముందు కనిపిస్తుంది కాబట్టి, దాని వెడల్పు ఒకటింపావు తీసుకుని కోస్తారు. అప్పుడు పట్టీ ఒకటింపావు అంగుళం తక్కువై, బిగిసి బొంత అంచును ముడత పెడుతుంది. పట్టీ రెండుంపావు వెడల్పున కోస్తే ఎక్కించేది రెండుంపావు, మూడంగుళాలు కోస్తే మూడు. టేపు మీద నమ్మకం లేకపోతే, కత్తిరించగా మిగిలిన పట్టీ ముక్కనే విప్పి కొసకు అడ్డంగా పెట్టి కొలవండి. అదే కొలబద్ద.

తర్వాత రెండు తోకలూ దగ్గరికి రావాలంటే జాగా మధ్యన బొంతను చిటికెలా పట్టి మడిచి, ఒక పిన్ను పెట్టేయండి. రెండు కొసల మడత విప్పండి. ఎడమ తోకను సీదా వైపు పైకి ఉండేలా అడ్డంగా పరచండి. కుడి తోకను ఉల్టా వైపు పైకి ఉండేలా, దాని కొస పైకి, మిగతా పట్టీ కిందికి వచ్చేలా నిలువుగా దాని మీద పెట్టండి. రెండు కొసలూ కలిసి ఒక చతురస్రం కావాలి, అంచులు ఎక్కడా పొడుచుకు రాకూడదు. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు చాక్‌తో గీత గీయండి, కుట్టు ఆ గీత మీదే. గీత సరైనదో కాదో తేల్చుకోవడానికి గుర్తు ఇది: రెండు కత్తిరించిన కొసలు కలిసే మూల గీతకు ఒక పక్క, రెండు పట్టీలూ మీ వైపు సాగిపోయే లోపలి మూల రెండో పక్క ఉండాలి. రెండో గీత మీద కుట్టారంటే విప్పడమే.

గీత వెంట పిన్నులు గుచ్చి, కుట్టకముందే విప్పి చూడండి. పట్టీ మెలిక పడకుండా అంచు మీద చదునుగా కూర్చుంటే కుట్టేయండి. కుట్టాక కూడా కత్తెర పట్టకండి. ముందు బొంతను పరిచి, పట్టీ మడిచి, జాగాకు సరిపోయిందో లేదో చూశాకే పావు అంగుళం ఉంచి మిగతాది కత్తిరించాలి. కుట్టు లోపలి అంచుల్ని రెండు పక్కలకూ విడదీసి ఇస్త్రీ చేయండి, ఒకే పక్కకు వాలిస్తే మళ్లీ మందమే. ఆపైన పట్టీని సగానికి మడిచి, మిగిలిన జాగాను రెండు పక్కలా పాత కుట్టు మీదికి అర అంగుళం ఎక్కేలా కుట్టాలి.

పట్టీ పావు అంగుళం లోపు వదులుగా వస్తే ఓర కుట్టును కొద్దిగా లోపలికి మళ్లీ వేయండి. పావులో సగం మేర బిగువుగా వస్తే అలాగే ఉంచండి. కొంచెం బిగువు కనిపించదు, కొంచెం వదులు మాత్రం ఉతికిన ప్రతిసారీ కనిపిస్తుంది.

చుట్టూ కుట్టుకుంట వచ్చిన గని నాలుగు అంగుళాల జాగానే మిగిలింది. దాంట్ల మడతే పడుతలేదు. ఇంకో బొంతకేమో తోక పొట్టిగ కోసిన. రెండిటికీ ఉపాయం చెప్పున్రి. (హుజూరాబాద్)

మొదటిదానికి ఉపాయం వెతక్కండి, రెండు పక్కలా కుట్టు విప్పి జాగాను 10 నుంచి 12 అంగుళాలు చేయండి. తోకలు ఒకదానికొకటి అడ్డంగా తిరగాలన్నా, మిషన్ పాదం కిందికి పోవాలన్నా ఆ మాత్రం కావాలి. ఐదు నిమిషాల విప్పుడుకు బద్ధకించి నాలుగు అంగుళాల్లో కుస్తీ పట్టేవాళ్లే ఎక్కువ.

పొట్టిగా కోసిన తోకకు ఇంకో ముక్క ఓరగా అతికి పొడుగు చేయండి. అతుకు రెండున్నర తినేస్తుందని లెక్కలో పెట్టుకోండి: 8 అంగుళాల ముక్క అతికితే దక్కేది ఐదున్నరే. తర్వాత మామూలుగానే కొలిచి ఆఖరి అతుకు వేయాలి. రెండు అతుకులూ ఆనుకుని రాకుండా ముక్క కాస్త పెద్దదే తీసుకోండి.

5 అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడుగు బొంతకు పట్టీ గుడ్డ ఎంత కొనాలె? (కరీంనగర్)

చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలకు, ఆఖరి అతుకుకు 20 కలిపితే 320. గుడ్డ పన్నా 44 అంగుళాలైతే, అతుకు తినేది పోను ఒక్కో పట్టీకి 41న్నర దక్కుతాయి, 8 పట్టీలు చాలు. 8 రెండున్నరలు 20 అంగుళాలు. షాపులో వంకరగా చింపి ఇచ్చేది, మీరు అంచు సరిచేసేది కలుపుకుని 60 సెంటీమీటర్లు అడగండి. పన్నా 36 అయితే 10 పట్టీలు, 25 అంగుళాలు, అంటే 75 సెంటీమీటర్లు తీసుకోండి.

కొన్న గుడ్డను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కోయండి. బొంతలోవి వందసార్లు ఉతికిన చీరలు, అవి ఇక కుంచించుకోవు. కొత్త పాప్లిన్ కుంచించుకుంటుంది. అప్పుడు పట్టీ లాగి బొంత అంచంతా కుచ్చులు పడుతుంది, తప్పు అతుకుదేమో అని మీరు అతుకు విప్పుతారు. ఎరుపు, నీలం గుడ్డల రంగు దిగుతుందేమో తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. దిగితే నీళ్లు తేటపడేదాకా ఉతకండి, లేదా ఆ గుడ్డ మానుకోండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని నమ్మకండి.

ఇంట్ల పాలిస్టర్ చీరలు మస్తున్నయి. పట్టీకి వాడితే అతుకు దగ్గర జారిపోతున్నది, ఓర గీత మీద కుట్టు నిలుస్తలేదు. (సిరిసిల్ల)

సిరిసిల్లలో పాలిస్టర్ చీరలకు కొదవేముంది! వాడొచ్చు కానీ నూలంత మాట వినదు. మడత ఇస్త్రీకి నిలవదు, ఓరగా కోసినా, కుట్టినా సాగుతుంది, కోసిన అంచు పోగులు వదులుతుంది. ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడిలో, మధ్యన పలుచని నూలు గుడ్డ వేసి వాడండి. వేడి ఎక్కువైతే గుడ్డ మెరుపు తేలి ముడుచుకుపోతుంది. ఆఖరి అతుకులో మాత్రం రెండు మార్పులు చేయాలి. చతురస్రం పరిచాక గీతకు ఇరుపక్కలా చేత్తో కచ్చా కుట్టు వేశాకే మిషన్ పెట్టండి, పిన్నులు చాలవు. కుట్టు తర్వాత పావు అంగుళం కాకుండా పావుకు పైన మరికొంత ఉంచండి. సూది కొత్తది వేయండి, మొద్దు సూది పాలిస్టర్ పోగును లాగి గీతలు పెడుతుంది.

నిజానికి ఆ చీరల్ని బొంత లోపలి పొరల్లో వేసి, పట్టీకి మాత్రం నూలు గుడ్డ వాడమని మా సలహా. ముందుగా అరిగిపోయేది అంచే.

పసిపిల్లల బొంతకు మూలలు గుండ్రంగ పెట్టిన. పట్టీ క్రాస్‌ల కోయాలంటరు. అప్పుడు అతుకు ఎట్ల? (జగిత్యాల)

గుండ్రని మూలలకు క్రాస్ పట్టీయే, అంటే గుడ్డను ఓరగా కోసిన పట్టీయే కావాలి, సీదా పట్టీ వంపులో ముడతలు పడుతుంది. నాలుగు మూలలూ కోణంగా ఉన్న బొంతకు క్రాస్ అవసరం లేదు, గుడ్డ దండగ. అతుకు కొలత అదే, పట్టీ వెడల్పంత ఎక్కించడమే. క్రాస్ పట్టీ లాగితే సాగుతుంది కాబట్టి కొలిచేటప్పుడు చేత్తో పట్టి లాగకండి, దానంతట అది పడుకున్నట్టు పరచండి. కొలత తీసుకునే చోటు వంపులో కాకుండా నిటారు పక్కన ఉండాలి.

మాకు మిషన్ లేదు. ఏడెనిమిది చీరల మందం బొంతకు చేత్తోనే పట్టీ వేస్త. రెండున్నర పట్టీ వెనకకు అందుతలేదు. (ఉట్నూర్)

ఆదిలాబాద్ చలికి బొంత మందంగానే ఉండాలి, పట్టీయే వెడల్పు పెంచండి. మూడు లేదా మూడుంపావు అంగుళాలు కోసి, అంచు నుంచి పావుకు బదులు పావు మీద పావులో సగం దూరంలో కుట్టండి. ఆఖరి అతుకులో కొసలు ఎక్కేది కూడా ఆ వెడల్పంతే. బొంతకు పట్టీని పట్టించే మొదటి కుట్టుకూ, ఓర అతుక్కూ ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి వేసే బఖియా కుట్టే వేయండి. కచ్చా కుట్టు మీద అతుకు నోరు తెరుస్తుంది. వెనకవైపు హెమ్మింగ్ చాలు.

మిషన్ ఉన్నవాళ్లు ఈ మందానికి 16వ నంబరు సూది వేసి, అంగుళానికి 8 లేదా 9 టాకాలు పడేలా పెట్టుకోవాలి. పాదం బిగువు స్క్రూ కాస్త వదులు చేస్తే పై పట్టీ ముందుకు తోసుకుపోదు. ఆఖరి జాగాలో కుప్పగా మిగిలే పట్టీ చాలాసార్లు ఈ తోపుడు వల్లే.

జంపఖానా ఒకటి పెద్దగున్నదని కోసి రెండు చేద్దామనుకుంటున్న. కోసిన పక్కన పట్టీ వేస్తే సరిపోతదా? (కొత్తవాడ, వరంగల్)

2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానా అయితే కోసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కోయాల్సిందే అంటే ముందు కుట్టు, తర్వాత కత్తెర. కోయబోయే గీతకు రెండు పక్కలా దగ్గరదగ్గరగా రెండేసి వరసలు మిషన్ కుట్టు వేసి, నడుమ కోయండి. కోశాక కుడదామంటే కోసిన చోట పేక జారిపోతూనే ఉంటుంది.

దీనికి మడత పట్టీ వద్దు, మందం మరీ ఎక్కువవుతుంది. మూడంగుళాల పట్టీని ఒంటి పేటగానే పరిచి అర అంగుళం లోపల కుట్టి, వెనక్కి తిప్పి, రెండో అంచును లోపలికి మడిచి కుట్టండి. ఒక్క పక్కకే వేసే పట్టీకి ఆఖరి అతుకు ఉండదు. రెండు చివర్లా ముప్పావు అంగుళం ఎక్కువ ఉంచి లోపలికి మడిస్తే చాలు. సూది 18వ నంబరు. మందంగా తగిలే చోట మోటారు ఆపి లేదా కాలు తీసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించండి.