పరుగా? పాసా?

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎక్కువసార్లు బంతితో పరిగెత్తిన జట్టే చాలా మ్యాచ్‌లు గెలుస్తోంది. సగం రన్, సగం పాస్ (బంతిని ముందుకు విసరడం) ఆడితే మేలు కాదా?
– ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు ఫలితాన్ని కారణం అనుకుంటున్నారు. ముందంజలో ఉన్న జట్టు చివర్లో టైమ్ కరిగించడానికి పరిగెత్తుతుంది. పాస్ నేలపాలైతే గడియారం ఆగుతుంది; రన్నర్‌ను మైదానంలోనే పడేస్తే ఆగదు. 2017 ఫిబ్రవరి సూపర్‌బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, అట్లాంటా జట్టు 28-20తో ముందుండి, ప్రత్యర్థి గోల్ గీతకు 22 గజాల దూరం దాకా వెళ్లింది. అక్కడ పాస్‌కు పోయి 12 గజాలు వెనక్కి పడింది, ఆపై పెనాల్టీతో ఇంకా వెనక్కి. ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు) అందకుండా పోయింది, మ్యాచ్ కూడా.

సగం సగం లెక్క పక్కన పెట్టి, బంతి దగ్గర మోహరించిన డిఫెండర్లను లెక్కపెట్టండి. మీకు ముందు వరసలో అడ్డుకునే ఐదుగురు లైన్‌మెన్, వాళ్ల పక్కనే నిలబడే ఒక టైట్ ఎండ్. అంటే అడ్డుకునేవాళ్లు ఆరుగురు. ఎదురుగా ఆరుగురే ఉంటే పరిగెత్తొచ్చు. ఎనిమిది మంది చేరితే ఇద్దరిని పట్టేవాడుండడు. వెనక ముగ్గురే మిగులుతారు కాబట్టి పాస్ వేయాలి. మూడో డౌన్‌లో (పది గజాలకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఒక్క గజమే కావాలంటే మాత్రం పరుగే నయం.

ఇక ప్లే యాక్షన్: బంతి రన్నర్‌కిస్తున్నట్టు నటించి పాస్ వేయడం, మన స్లో బాల్ లాంటిదే. దానికి ముందు పదేపదే పరిగెత్తాల్సిన పనిలేదు. గార్డు (లైన్‌మెన్‌లో ఒకడు) మొదటి అడుగు ముందుకే పడాలి. అతను నిటారుగా లేచి వెనక్కి జరిగాడా, ఎదుటి లైన్ వెనక నిలబడే డిఫెండర్, లైన్‌బ్యాకర్, ఇట్టే పసిగట్టేస్తాడు.