పండగ చీటీ మాత్రం వద్దు, అమ్మలూ

అమ్మలూ,

ప్రభువు నామంలో నీకు శుభాలు. ఈ ఏడు క్రిస్మస్ ఖర్చంతా నీదేనన్నావట, అందరం బాపట్ల ఇంట్లోనే కలవాలన్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే, మీ ఆఫీసులో ఎవరో అమ్మాయి నడిపే పండగ చీటీలో చేరుతున్నావని కూడా చెప్పింది. ఇక ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ముందు తేలిక సంగతులు. పెద్దవాళ్ళ బట్టలు ఆషాఢం డిస్కౌంట్లలో కొనెయ్, మనకేం ఆ పట్టింపులు లేవుగా. పిల్లలవి మాత్రం నవంబరులో కొను. ఇప్పుడే కొంటే పండగనాటికి గౌన్లు పొట్టయిపోతాయి. జాకెట్లు నవంబరులోనే ఇచ్చెయ్, డిసెంబరులో టైలర్లు మొహం చూడరు. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తున్నారు, అక్టోబరు నాలుగో వారంలో ఫోను పట్టుకుని కూర్చో.

పండగంటే 25వ తేదీ ఒక్కటే కాదని మర్చిపోకు. పండగకి ముందే చేసే సెమీ క్రిస్మస్‌తో మొదలైతే, డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన దాకా చెయ్యి జేబులోంచి రాదు. పాస్టరు అయ్యగారికి బట్టలు, కృతజ్ఞత కానుక, జనవరి 1కి మళ్ళీ అందరికీ కొత్తవి. క్యారల్స్‌కి ఏ సంఘం వాళ్ళొచ్చినా టీ, జంతికలు, చేతిలో ఓ నోటు. యాభైలు, వందలు ముందే మార్చి పెట్టుకో. లేదంటే అర్ధరాత్రి డప్పు మోగుతుంటే మొహమాటానికి ఐదొందల నోటు ఇచ్చేస్తావు. మీ నాన్న అలాగే ఇచ్చేవాడు.

ఆయన సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. నువ్వు రెండో తరగతిలో ఉండగా మన పేటలో ఒకాయన పండగ చీటీ పెట్టాడు. వారం వారం కడితే డిసెంబరులో బియ్యం బస్తా, నూనె డబ్బా, చీర, ప్యాంటు గుడ్డ. పదిమందిని చేర్చినవాళ్ళకి ఒక చీటీ ఉచితం. మా అన్నయ్య మాటంటే పేటంతా గురి. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర నిలబడి అందర్నీ తనే చేర్చాడు. గులాబీ రంగు కార్డు, దానిమీద గళ్ళు, ఆదివారానికో గడిలో నీలం ఇంకుతో పొట్టి సంతకం. నవంబరు చివరికి గళ్ళు దాదాపు నిండాయి, సంతకం పెట్టినవాడి ఇంటికి తాళం పడింది. జనం పోలీసుల దగ్గరికి పోలేదు, అన్నయ్య గుమ్మం ముందుకొచ్చారు. తిట్టినా బాగుండేది. ఒక ముసలామె కార్డు చూపించి, "నాకు బియ్యం ఇస్తే చాలయ్యా, చీర వద్దులే" అంది. మర్నాడే వదిన రెండు పేటల గొలుసు తాకట్టుకి వెళ్ళింది. నెలకి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. కట్టీ కట్టీ, చివరికి విడిపించలేక వదిలేశారు. నీ మొదటి జీతంతో మీ అమ్మకి గొలుసు కొన్నావే, అది మెళ్ళో వేసుకుని అంతసేపు ఏడిస్తే నువ్వు సంతోషమనుకున్నావు.

ఆ ఆఫీసు పిల్లని దొంగ అనటం లేదు. కట్టేవాళ్ళలో ఇద్దరు ఎగ్గొడితే ఆ పిల్ల నీకు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? అది ఆలోచించవేం, అంత చదువు చదివి! 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీకి నంబరుంటుంది, అడిగి చూడు. నసిగితే లేచి వచ్చెయ్.

హాయిగా బ్యాంకులో ఆర్‌డీ వేసుకో, అదే, నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్. పోస్టాఫీసుది ఐదేళ్ళది, మన పనికి రాదు. బ్యాంకులో ఆర్నెల్లకీ ఇస్తారు. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా, నవంబరు నెలాఖరుకి చేతికొచ్చేలా చూసుకో. వచ్చిందంతా ఖర్చు రాసెయ్యకు, కాస్త పక్కన పెట్టు. డిసెంబరుని నేను నమ్మను తల్లీ. 2023లో డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. ధాన్యం అమ్మి తీరుద్దామని బట్టల కొట్లో ఖాతా పెట్టినవాళ్ళకి తడిసిన వడ్లు మిగిలాయి, ఖాతా మిగిలింది.

నాకు చీర కొంటావని తెలుసు. నూలుదే కొను, వెయ్యి దాటితే కట్టుకోను. ఆదివారం ఫోన్ చేసి చీటీ మానుకున్నానని చెప్పు. మీ నాన్న పక్కన లేనప్పుడు చెయ్యి.

నీ అత్త