రెండో సర్వర్ పెట్టినంత మాత్రాన అప్లికేషన్ ఆగకుండా ఉంటుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు పరిస్థితి ఇది: ఆర్డర్లు, బిల్లులు నడిచే అప్లికేషన్ ఇప్పటిదాకా ఒకే సర్వర్ మీద ఉంది, ఒకసారి అది సగం రోజు ఆగిపోవడంతో యాజమాన్యం ‘ఇకపై ఆగకూడదు’ అన్నది, అందుకని మీరు రెండు అప్లికేషన్ సర్వర్లు, వాటి ముందు పనిని రెండింటికీ పంచే ఒక లోడ్ బ్యాలెన్సర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఒక స్టాండ్‌బై (అది పోతే పని అందుకునే నకలు) పెట్టబోతున్నారు. ఇది చాలునా అని అడిగారు. దాదాపు ఇలాంటి అమరికనే నేను కట్టి, కొన్నేళ్లు దాని బాగోగులు చూశాను. మీరు గీసుకున్న బొమ్మలో పెట్టెలు సరిగ్గానే ఉన్నాయి. వాటిని కలిపే గీతల సంగతే ఇంకా తేలలేదు. మా వ్యవస్థ ఆగిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఆ గీతల దగ్గర ఆగినవే.

ముందుగా ‘ఆగకూడదు’ అన్న మాటను అంకెల్లోకి మార్చండి. 99.9 శాతం లభ్యత అంటే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చు, 99.99 అంటే 52 నిమిషాల పైచిలుకు; 99.999 అంటే 5 నిమిషాల పైచిలుకు మాత్రమే. రాత్రిపూట ఫోన్ మోగి, ఒక మనిషి లేచి, లాగిన్ అయి, విషయం అర్థం చేసుకునే సరికే ఆ 5 నిమిషాలు అయిపోతాయి. అంకెలు ముందు పెట్టి, ఎంతసేపు ఆగితే భరించగలరు, ఎన్ని నిమిషాల డేటా పోతే భరించగలరు అని యాజమాన్యాన్ని విడివిడిగా అడగండి. రెండింటికీ ‘సున్నా’ అని జవాబు వస్తే, దానికయ్యే ఖర్చు చెప్పాక మళ్లీ అడగండి. ఇంకో లెక్క కూడా ఉంది. అప్లికేషన్, డేటాబేస్, లాగిన్ సేవ మూడూ విడివిడిగా 99.9 శాతం నిలబడేవే అయినా, మూడూ ఉంటేనే ఆర్డర్ పూర్తవుతుందంటే మొత్తానికి మిగిలేది 99.7 శాతం, అంటే ఏడాదికి 26 గంటల నష్టం. అందుకే ఈమెయిల్ పంపడం, బిల్లు ముద్రించడం లాంటి పనులను ఆర్డర్ దారిలోంచి తప్పించి క్యూలో వేశాం. లభ్యతకు మేము చేసిన పనుల్లో ఇంత చవకైనది మరొకటి లేదు.

డేటాబేస్ దగ్గర కాస్త ఆగాలి. అసింక్రనస్ రెప్లికేషన్ (స్టాండ్‌బై అందుకునేదాకా ఆగకుండా రాతను ఖాయం చేయడం) పెట్టుకుంటే, ప్రైమరీ, అంటే అసలు డేటాబేస్, హఠాత్తుగా పోయినప్పుడు చివరి కొన్ని లావాదేవీలు స్టాండ్‌బైకి చేరకుండానే పోవచ్చు. ఆ భయంతో స్టాండ్‌బై అందుకునేదాకా ఆగే సింక్రనస్ పెట్టుకుని స్టాండ్‌బై ఒక్కటే ఉంచితే, ఆ స్టాండ్‌బై పడిపోయిన రోజున ప్రైమరీ ఆరోగ్యంగా ఉన్నా కమిట్లు (రాతలను ఖాయం చేయడం) దాని జవాబు కోసం నిలిచిపోతాయి. ఆగకూడదని తెచ్చిన రెండో యంత్రమే ఆపడానికి కొత్త కారణం అవుతుంది. సింక్రనసే కావాలనుకుంటే రెండు స్టాండ్‌బైలు పెట్టి, ‘వీటిలో ఏదో ఒకటి అందుకుంటే చాలు’ అనే పద్ధతిలో అమర్చండి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఆ వీలుంది.

ఇక ప్రైమరీ పోయిందని తేల్చేది ఎవరు? రెండే యంత్రాలున్నప్పుడు, అవతలిది చచ్చిందో, మధ్యలో తీగ తెగిందో ఇవతలిదానికి తెలిసే మార్గం లేదు. ఊహించి రెండూ ప్రైమరీలైతే రెండు చోట్లా ఆర్డర్లు రాసుకుంటూ పోతాయి, తర్వాత వాటిని కలపడం మనిషి చేతిపనే. అందుకే మూడో ఓటు ఉండాలి. అది ఎట్‌సీడీ (ప్రైమరీ ఎవరో ఓటుతో తేల్చడానికి వాడే సాఫ్ట్‌వేర్) మాత్రమే నడిచే చిన్న యంత్రమైనా సరిపోతుంది. మూడింటిలో ఒకటి పోయినా మెజారిటీ ఉంటుంది, అయిదింటిలో రెండు పోయినా ఉంటుంది. నాలుగు పెడితే మాత్రం ఒకటి పోవడాన్నే తట్టుకుంటాయి, అంటే మూడింటికన్నా అదనంగా దక్కేదేమీ లేదు. ఓటుతో పాటు, పాత ప్రైమరీ ఇక రాయలేకుండా దాని దారి మూసే ఫెన్సింగ్ కూడా ఉండాలి. మూడో ఓటు ఉన్నా, దూరాన ఉన్న రెండు డేటా సెంటర్ల మధ్య మార్పిడిని యంత్రానికి వదిలేసే ముందు 2018 అక్టోబర్ 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో జరిగినదాన్ని గుర్తు చేసుకోండి. పరికరం మార్చే మామూలు పనిలో అమెరికా తూర్పు తీరపు డేటా సెంటర్‌కు సంబంధం తెగింది 43 సెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే ఆటోమేటిక్ వ్యవస్థ పశ్చిమ తీరంలోని డేటాబేస్‌లను ప్రైమరీలుగా మార్చింది. రెండు వైపులా రెండోదానికి చేరని రాతలు మిగిలాయి, సేవలు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఒకే చోట ఉన్న యంత్రాల మధ్య ఆటోమేటిక్ ఫెయిలోవర్ (స్టాండ్‌బైని ప్రైమరీగా మార్చడం), దూరపు చోట్ల మధ్య మనిషి నిర్ణయం అనేది అప్పటి నుంచి నా పద్ధతి.

మా అనుభవంలో అన్నిటికన్నా విచిత్రంగా అనిపించిన రాత్రి మరొకటి. ప్రైమరీ ఉన్న యంత్రానికి విద్యుత్ పోయింది. ఫెయిలోవర్ 40 సెకన్లలో జరిగింది, డీఎన్‌ఎస్ పేరు (యంత్రపు చిరునామాను చూపే పేరు) కొత్త ప్రైమరీ వైపు తిరిగింది, డేటాబేస్ లాగ్‌లు చూస్తే అంతా సవ్యంగా ఉంది. అయినా అప్లికేషన్ 15 నిమిషాలకు పైగా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. కారణం కనెక్షన్ పూల్, అంటే అప్లికేషన్ ముందే తెరిచి ఉంచుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపు. హఠాత్తుగా ఆరిపోయిన యంత్రం ‘నేను వెళ్లిపోతున్నాను’ అని చెప్పి పోదు కాబట్టి, పూల్‌లోని పాత కనెక్షన్లన్నీ పాత చిరునామాకే ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చున్నాయి. లినక్స్ ఆ ప్రయత్నాన్ని వదులుకోవడానికి డీఫాల్ట్‌గా సుమారు 15 నిమిషాలు తీసుకుంటుంది. క్వెరీ (డేటాబేస్‌కు వేసే ప్రశ్న) అప్పటికే పంపేసి జవాబు కోసం మాత్రమే ఎదురుచూస్తున్న కనెక్షనైతే ఇంకా అన్యాయం, అవతలిది బతికుందా అని అడిగే కీప్ అలైవ్ మొదటి పలకరింపే 7,200 సెకన్ల తర్వాత. మా జావా డ్రైవర్‌లో సాకెట్ టైమౌట్ డీఫాల్ట్ విలువ సున్నా, అంటే ఎంతసేపైనా ఎదురుచూడమనే. ఆ రాత్రి ఎవరో విసిగి అప్లికేషన్‌ను రీస్టార్ట్ చేసి ఉంటే అరనిమిషంలో లేచేది. డేటాబేస్ వైపు చూస్తూ ఉండటంతో మాలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. మర్నాడు సాకెట్ టైమౌట్‌ను మా అతి నెమ్మది క్వెరీకన్నా కొంచెం ఎక్కువగా పెట్టి, కీప్ అలైవ్ వ్యవధిని నిమిషంలోపుకు తగ్గించాం.

రెండో పాఠం హెల్త్ చెక్‌ది, అంటే సర్వర్ బాగుందా అని లోడ్ బ్యాలెన్సర్ చూసుకునే పరీక్షది. లోడ్ బ్యాలెన్సర్ అడిగే పేజీలో మేము డేటాబేస్‌కు ఒక చిన్న క్వెరీ పెట్టాం, అది తెలివైన పనే అనుకున్నాం. నెలాఖరు నివేదిక ఒకటి డేటాబేస్‌ను నెమ్మదిగా చేసిన రోజున, రెండు అప్లికేషన్ సర్వర్లూ ఒకేసారి ఆ పరీక్షలో తప్పాయి, లోడ్ బ్యాలెన్సర్ రెండింటినీ తప్పించింది, వాడుకరులందరికీ 503 (సేవ అందుబాటులో లేదు) కనిపించింది. నత్తనడక నడుస్తున్న వ్యవస్థను మా చేతులతో మేమే ఆపుకున్నాం. ఆ సర్వర్‌కు మాత్రమే సంబంధించిన లోపాలను హెల్త్ చెక్‌లో పెట్టండి. అన్ని సర్వర్లకూ ఉమ్మడిగా ఉన్నదాని బాగోగులను మానిటరింగ్‌కు, అలారానికి వదలండి. అన్నట్టు, రెండు సర్వర్లూ రోజూ 60 శాతం భారంతో నడుస్తుంటే, ఒకటి పోయిన క్షణంలో రెండోది మోయాల్సింది 120 శాతం. అది కూడా పడుతుంది.

డిప్లాయ్ (కొత్త వెర్షన్ పెట్టడం) విషయానికొస్తే, మా దగ్గర యంత్రాలు పాడై ఆగిన రోజులకన్నా మేము మార్పులు చేసి ఆపుకున్న రోజులే ఎక్కువ. ఒక్కో సర్వర్‌ను లోడ్ బ్యాలెన్సర్ నుంచి తప్పించి, చేతిలో ఉన్న పనులు పూర్తి చేయనిచ్చి, ఆ తర్వాతే కొత్త వెర్షన్ పెట్టాలి. ఆ కాసేపు పాత కోడ్, కొత్త కోడ్ ఒకే టేబుల్ మీద పనిచేస్తాయి కాబట్టి, కాలమ్ పేరు మార్చడం లాంటిది ఒక్క విడతలో కుదరదు: ముందు కొత్త కాలమ్ చేర్చి రెండింటిలోనూ రాయండి, పాత వరుసలను నింపాక చదవడాన్ని కొత్తదానికి మళ్లించండి, పాత కోడ్ ఎక్కడా లేదని తేలాకనే పాత కాలమ్ తీసేయండి. స్టాండ్‌బై ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి; మీరు పొరపాటున తుడిచేసిన టేబుల్‌ను అది కూడా నమ్మకంగా తుడిచేస్తుంది.

వీటన్నిటినీ కట్టాక, అందరికీ ముందే చెప్పి, పనివేళల్లోనే ప్రైమరీని మీ చేతులతో ఆపి చూడండి. ఆపు అన్న ఆజ్ఞతో సరిపెట్టుకోకండి, ఆ యంత్రపు నెట్‌వర్క్‌ను తెంచి చూడండి. ఆజ్ఞతో ఆపిన డేటాబేస్ కనెక్షన్లను మర్యాదగా మూసి పోతుంది కనుక, పైన చెప్పిన 15 నిమిషాల జబ్బు అప్పుడు కనిపించదు. మా మొదటి ప్రయత్నంలో డేటాబేస్ బాగానే మారింది గానీ, తర్వాత చేయాల్సిన పనులు రాసిపెట్టిన పేజీ తెరుచుకోలేదు, ఎందుకంటే ఆ పేజీ ఉన్న అంతర్గత సైట్ కూడా మేము తెంచిన ఆ యంత్రం మీదే నడుస్తోంది. అలాంటి పేజీని ఒక కాపీ అచ్చు తీసి డ్యూటీలో ఉండేవారి బల్ల మీద పెట్టించండి.