గేమింగ్ గ్రూపుతో ఫాంటసీ క్లాసిక్ చదివించవచ్చా? మా స్క్వాడ్ ‘ఎర్త్‌సీ’ చదివిన అనుభవం

మీరు అడిగింది ఇదీ: వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడే మీ గ్రూపులో 14 మంది ఉన్నారు. ఏదైనా పాత ఫాంటసీ నవల అందరూ కలిసి చదివి మాట్లాడుకోవాలని ఉంది. కానీ సగం మంది తెలుగు మీడియం, చాలామందికి పుస్తకాలు చదివే అలవాటే లేదు. కుదురుతుందా, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

కుదురుతుంది. పుస్తకం పేరు కూడా ముందే చెప్పేస్తాను. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. 1968లో వచ్చిన నవల. పది అధ్యాయాలు, రెండొందల పేజీలకు అటూ ఇటూగా ఉంటుంది.

మాది పబ్‌జీ స్క్వాడ్, అంటే ఫోన్‌లో ఆ షూటింగ్ గేమ్ కలిసి ఆడే జట్టు. ఇద్దరు ముగ్గురితో మొదలై తొమ్మిది మంది అయ్యాం. విజయవాడ నుంచి నేను, గుంటూరు నుంచి డిగ్రీ చదివే ఒక తమ్ముడు, జహీరాబాద్ వైపు నుంచి ఒక అక్క, డల్లాస్‌లో ఉద్యోగం చేసే ఒక అన్న, ఇంకా ఐదుగురు. 2020 సెప్టెంబర్ 2న ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో పబ్‌జీ మొబైల్ కూడా ఉంది. అక్టోబర్ 30తో సర్వర్లు కూడా ఆగిపోయాయి. అవి కరోనా రోజులు. బయటికి వెళ్ళేది లేదు, రాత్రి తొమ్మిదైతే ఫోన్ పట్టుకుని ఏం చేయాలో తెలిసేది కాదు. వేరే గేమ్‌కి మారదామంటే ఒక్కొక్కరూ ఒక్కో గేమ్ పేరు చెప్పారు. అప్పుడే అక్క అంది, ఆట లేకపోతే పోయింది, డిస్కార్డ్ యాప్‌లో వాయిస్ చాట్ ఉంది కదా, ఏదైనా పుస్తకం చదువుదాం అని.

మొదట మేం ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పట్టుకున్నాం. సినిమాలు అందరూ చూసినవే కాబట్టి తేలిక అనుకున్నాం. మూడు వారాల్లో చేతులెత్తేశాం. ఉంగరం కథానాయకుడు ఫ్రోడో చేతికి వచ్చాక అతను ఊరు దాటడానికి కథలో 17 ఏళ్ళు పడుతుంది. ఆ నెమ్మది నాకు ఎంతో ఇష్టం. కానీ ఇంగ్లిష్‌లో పేజీకి పది నిమిషాలు పట్టేవాడికి అది కొండలా కనిపిస్తుంది. తప్పు పుస్తకానిది కాదు, చదవడం అలవాటు లేని వాళ్ళకి మొదటి పుస్తకంగా వెయ్యి పేజీలు చేతిలో పెట్టిన నాది. అందుకే మీకు మొదటి సలహా ఇది: చిన్న పుస్తకం తీసుకోండి. ఐదారు వారాల్లో పూర్తి అవ్వాలి. ఒక పుస్తకం పూర్తి చేశామన్న సంతోషం ఒకసారి రుచి చూస్తే రెండోదానికి వాళ్ళే వస్తారు.

నవంబర్‌లో ఎర్త్‌సీ మొదలుపెట్టాం. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చునేవాళ్ళం, అంటే డల్లాస్ అన్నకి ఉదయం పది. వారానికి రెండు అధ్యాయాలు.

ఇంగ్లిష్ సంగతికి వస్తాను, మీ అసలు టెన్షన్ అదే కదా. మేం ఇలా చేశాం: ప్రతి వారం ఒకరు ఆ రెండు అధ్యాయాలూ బాగా చదువుకొచ్చి తెలుగులో కథగా చెప్పాలి. ఆ తర్వాత ముఖ్యమైన రెండు మూడు పేజీలు ఇంగ్లిష్‌లోనే పైకి చదవాలి. కథ ముందే తెలుసు కాబట్టి ఇంగ్లిష్ వాక్యాలు భయపెట్టవు. ఇందులో మేం ఊహించని లాభం ఒకటి వచ్చింది. తెలుగులో చెప్పాలంటే మాటలు వెతకాలి. ఎర్త్‌సీ అనే ఆ దీవుల లోకం మొత్తం ఒక సమతుల్యం మీద నిలబడి ఉంటుంది. మంత్రం వేస్తే ఆ సమతుల్యం కదులుతుంది, ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు. నేను ‘సమతుల్యత’ అంటూ పెద్ద మాటలు వాడుతుంటే గుంటూరు తమ్ముడు, “అన్నా, తూకం అంటే సరిపోద్దిగా” అన్నాడు. నిజమే. ఆ తర్వాత అందరం తూకం అనే అన్నాం. తెలుగు మీడియం వాళ్ళు వెనకబడతారని భయపడకండి. మా గ్రూపులో పుస్తకాన్ని అందరికీ అర్థమయ్యేలా చేసింది వాళ్ళే.

ఇంకో ఉదాహరణ చెప్తాను. ఈ నవలలో ప్రతి మనిషికీ, జంతువుకీ, రాయికీ ఒక అసలు పేరు ఉంటుంది. అది తెలిసినవాడికి ఆ మనిషి మీద అధికారం వస్తుంది. అందుకే అందరూ వాడుక పేర్లతో బతుకుతారు. కథానాయకుడు గాంట్ అనే దీవిలో మేకలు కాసే పిల్లవాడు, చిన్నప్పుడు డ్యూనీ అంటారు. పదమూడో ఏట గురువు ఓజియన్ అతనికి గెడ్ అనే అసలు పేరు పెడతాడు. లోకానికి మాత్రం అతను స్పారోహాక్. ఈ విషయం ఎంత చెప్పినా మాలో ఒకతనికి ఎక్కలేదు. పేరు తెలిస్తే ఏమవుతుంది అంటాడు. డల్లాస్ అన్న బాలనాగమ్మ కథ గుర్తు చేశాడు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా, ఇక్కడ ప్రాణం పేరులో ఉంది, పేరు దొరికితే చిలక దొరికినట్టే అన్నాడు. ఇక ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. ఆ అన్న చిన్నప్పుడు పాత చందమామ సంపుటాల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ చదివినవాడు. ఆ కథల మాంత్రికుల గురించి ఆ రాత్రి గంటసేపు చెప్పాడు. నేను ఆపలేదు. మీరూ ఆపకండి.

రెండో సలహా ఇంకా ముఖ్యమైనది. గేమర్లని గేమర్లలాగే చదవనివ్వండి. సాహిత్యం గురించి ఇలా మాట్లాడాలి, అలా మాట్లాడకూడదు అని ఎవరినీ సరిచేయకండి. మా మొదటి ప్రశ్నలన్నీ ఆట ప్రశ్నలే. ఈ లోకంలో మానా, అంటే మంత్రం వేస్తే ఖర్చయ్యే శక్తి, ఉందా? మంత్రానికి కూల్‌డౌన్ ఎంత, అంటే మళ్ళీ వాడాలంటే ఎంతసేపు ఆగాలి? ఓజియన్ దగ్గర అంత శక్తి ఉండి వాన పడుతుంటే ఎందుకు తడుస్తాడు? చిత్రం ఏమిటంటే, గెడ్‌ని తినేసే ప్రశ్న కూడా ఇదే. వాడలేనప్పుడు శక్తి ఎందుకు అనే కుర్రాడి అసహనంతోనే అతను గురువుని వదిలి రోక్ దీవిలోని మాంత్రికుల బడికి వెళ్తాడు. మా వాళ్ళు తెలియకుండానే గెడ్ పక్కన నిలబడి చదివారు. నాలుగో అధ్యాయంలో బడిలో తోటి విద్యార్థి జాస్పర్ రెచ్చగొడితే గెడ్ పంతానికి పోయి చచ్చిపోయినవాళ్ళని పిలుస్తాడు. తెరుచుకున్న చీలికలోంచి ఒక నీడ బయటికి వచ్చి అతని మీద పడుతుంది. దాన్ని వెళ్ళగొట్టి ఆ చీలికను మూసినందుకు ప్రధాన మాంత్రికుడు ప్రాణం వదులుతాడు. అది పైకి చదివాక రెండు నిమిషాలు ఎవరూ మైక్ ఆన్ చేయలేదు. ర్యాంక్ కోసం, ఎవడో అన్న మాట కోసం తెల్లవారేదాకా ఆడిన రాత్రులు అందరికీ ఉన్నాయి.

రోక్‌లో ఒంటరి బురుజు ఒకటి ఉంటుంది. అక్కడ విద్యార్థులు నెలల తరబడి పేర్ల జాబితాలు బట్టీ పడతారు. పేజీ మీది సిరా అర్ధరాత్రికి మాసిపోతుంది, ఆలోపు నేర్చుకోవాలి. మామూలు పాఠకులకి ఇది బోరు కొట్టవచ్చేమో. మా వాళ్ళకి తెగ నచ్చింది, ఎందుకంటే అది గ్రైండింగ్. గంటల తరబడి ఒకే పని చేస్తే చివరికి ఏదో ఒకరోజు పనికొస్తుందన్న నమ్మకం వాళ్ళకి తెలుసు. ఐదో అధ్యాయంలో గెడ్ పెండోర్ దీవికి డ్రాగన్ మీదికి వెళ్ళినప్పుడు అందరూ బాస్ ఫైట్ కోసం, అంటే అన్నిటికంటే పెద్ద శత్రువుతో పోరు కోసం, సిద్ధమయ్యారు. చిన్న డ్రాగన్లతో యుద్ధం జరుగుతుంది కూడా. కానీ పెద్దదాన్ని గెడ్ లొంగదీసింది కత్తితోనో పిడుగుతోనో కాదు. పాత గాథల్లో చదివినదాన్ని బట్టి దాని పేరు ఊహించాడు, ఆ ఊహ నిజమైంది. డ్రాగన్ బేరం పెడుతుంది: నిన్ను వెంటాడే నీడ పేరు నీకు చెప్తాను అని. గెడ్ ఒప్పుకోడు. తను కాపాడాల్సిన దీవుల జనాన్ని ఇక ముట్టుకోనని మాట తీసుకుని వెనక్కి వస్తాడు. మీరైతే ఏ బేరం ఒప్పుకునేవాళ్ళు అని నేను అడిగాను. ఆ ఒక్క ప్రశ్నతో రాత్రి పన్నెండున్నర అయింది. మీ గ్రూపులో కూడా ఈ ప్రశ్న అడగండి.

అదే అధ్యాయంలో డ్రాగన్ కంటే ముందు ఇంకో ఘటన ఉంది, చాలామంది దాన్ని గబగబా దాటేస్తారు. గెడ్ ఉండే ఊళ్ళో అతని స్నేహితుడైన పడవలు చేసేవాడి కొడుకు జబ్బుతో చనిపోతుంటాడు. గాయాన్ని మాన్పు, రోగాన్ని నయం చెయ్యి, వెళ్ళిపోయే ప్రాణాన్ని మాత్రం వెళ్ళనివ్వు. వైద్యం నేర్పిన గురువు చెప్పిన మొదటి పాఠం ఇది. గెడ్ వినడు. బాబు వెనకాలే చచ్చినవాళ్ళ చీకటి లోకంలోకి పరిగెత్తి, చావుబతుకుల మధ్య ఉన్న రాళ్ళ గోడ కూడా దాటిపోతాడు. బాబు దక్కడు. గెడ్ ఒళ్ళు శవంలా పడి ఉంటే అతని పెంపుడు జంతువు, ఓటక్ అనే చిన్న ప్రాణి, నాలుకతో నాకి అతన్ని వెనక్కి తెస్తుంది. మా వాడొకడు దాన్ని రివైవ్ అన్నాడు, అంటే ఆటలో పడిపోయినవాడిని మళ్ళీ లేపడం. సరిగ్గా అన్నాడు. మా ఆటలో అప్పట్లో నాక్ అయినవాడిని, అంటే దెబ్బతిని కూలిపోయినవాడిని, కాసేపటిలోపే లేపాల్సి వచ్చేది, దాటితే ఎవరూ లేపలేకపోయేవాళ్ళు.

ఆ మాట విని, ఎప్పుడూ స్నైపింగ్ (దూరం నుంచి గురిపెట్టి కాల్చడం) తప్ప ఇంకేదీ మాట్లాడని ఒకతను మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆగస్టులో వాళ్ళ నాన్న కరోనాతో పోయారట. మాకెవరికీ తెలియదు. ఆ నెలలో కూడా అతను రోజూ మాతో ఆడాడు. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే బతికేవారేమో అని రోజూ అనుకుంటున్నానని చెప్పాడు. గెడ్ ఆ గోడ దాటి పరిగెత్తడం చదివాక రెండు రోజులు నిద్ర పట్టలేదన్నాడు.

ఏం చెప్పాలో నాకు తోచలేదు. గుంటూరు తమ్ముడు మాత్రం తన అసలు పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, వాళ్ళ ఊరితో సహా. రెండేళ్ళకు పైగా అతను మాకు ఒక గేమ్ ఐడీ మాత్రమే. వెనకటి వారమే చదివాం: గెడ్ అన్నీ పోగొట్టుకుని కూర్చున్నప్పుడు స్నేహితుడు వెచ్ తన అసలు పేరు ఎస్టారియోల్ అని అతనికి చెప్తాడు. అక్కడ ఒక మనిషి ఇంకొకరికి ఇవ్వగలిగిన కానుకల్లో అంతకు మించినది లేదు. తమ్ముడు చెప్పాక అక్క చెప్పింది, ఆ తర్వాత ఒక్కొక్కరం చెప్పాం. చివరికి ఆ స్నైపర్ తన పేరూ, వాళ్ళ నాన్న పేరూ చెప్పాడు. నెల తర్వాత మాలో నలుగురం వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళమ్మని చూసి వచ్చాం.

మాకు ఎదురైన ఇబ్బందులు కూడా చెప్పాలి. ఈ నవలలో ఆడవాళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళ మంత్రం బలహీనమనీ చెడ్డదనీ ఒక సామెత కూడా ఉంది. అక్క దాని దగ్గర ఆగిపోయింది. వాళ్ళ వైపు బాణామతి పేరుతో ఒంటరి ఆడవాళ్ళని ఎలా అనుమానిస్తారో చిన్నప్పటి నుంచి చూసింది. గెడ్‌కి మొదటి మంత్రాలు నేర్పిన, అతని తల్లి తోడబుట్టినావిడని కథ ఎందుకంత తేలిగ్గా వదిలేసిందని అడిగింది. న్యాయమైన ప్రశ్న. రచయిత్రి తర్వాత ఆ లోటు వైపు తిరిగి చూశారు. 1971లో వచ్చిన రెండో నవలకి నాయిక టెనార్ అనే అమ్మాయి, 1990 నాటి ‘టెహాను’ మళ్ళీ ఆమె కథే. అందుకే మేం రెండో పుస్తకంగా ‘ది టూంబ్స్ ఆఫ్ ఆటువాన్’ తీసుకున్నాం, అక్కే నడిపింది.

ఇంకొకటి. గెడ్ రాగి రంగు మనిషి, వెచ్ బాగా నల్లనివాడు, దాడి చేయడానికి వచ్చే కార్గులు తెల్లవాళ్ళు. పుస్తకంలో ఇది స్పష్టంగానే ఉంది, అయినా మాలో ఎనిమిది మంది గెడ్‌ని తెల్లవాడిగానే ఊహించుకున్నాం. 2004లో టీవీ సీరీస్ తీసినవాళ్ళు అతన్ని తెల్లవాడిగా మార్చినప్పుడు లె గ్విన్ దాన్ని బహిరంగంగా విమర్శించారు. ఈ సంగతి చెప్పాక తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి నెల కొత్త గేమ్‌లో అతని క్యారెక్టర్ చూస్తే అతని రంగులోనే ఉంది.

చివర నీడ ఏమవుతుందో మాత్రం నేను రాయను, మీ వాళ్ళతో కూడా ముందే చెప్పకండి. మా గ్రూపులో ఇద్దరికి ఆ ముగింపు నచ్చలేదు. ఆఖరి ఫైట్ ఏదీ అని గొడవ పెట్టుకున్నారు. మిగతా ఏడుగురం వాళ్ళతో వాదించాం. ఆ ఒక్క ఆదివారం మొత్తం గ్రూపులో అదే నడిచింది, పుస్తకం పేజీల ఫొటోలు తీసి గీతలు గీసి మరీ పంపుకున్నారు.

14 మంది ఒకే వాయిస్ చాట్‌లో ఎక్కువ. ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్ళు మ్యూట్‌లో ఉండిపోతారు. ఏడుగురు చొప్పున రెండు జట్లు చేయండి, చివరి రెండు అధ్యాయాలకి మాత్రం అందర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. మొదటి వారం కథ చెప్పే పని తెలుగు మీడియం కుర్రాడికే ఇవ్వండి, పక్కన ఒకరు సాయం ఉంటే చాలు.